వీడియో అయిపోయాక ఆ చెయ్యి

యూట్యూబ్‌లో ఒక చిన్న వీడియో జాతి ఉంది. దానికి పేరంటూ ఏమీ లేదు గానీ వ్యాకరణం మాత్రం గట్టిగానే ఉంది. ఆపరేషన్ థియేటర్. తల కదలకుండా బిగించిన లోహపు చట్రం. ఆ చట్రంలో, పూర్తి మెలకువలో ఉన్న ఒక మనిషి. చేతిలో బాంజో, లేకపోతే వయొలిన్, లేకపోతే ఫ్లూటు. వాయించమంటారు. చెయ్యి వణుకుతుంది, స్వరం చెదురుతుంది. పక్కనెవరో కరెంటు పెంచుతారు. చెయ్యి కుదుటపడుతుంది, పాట సాఫీగా సాగుతుంది. మాస్కుల వెనక నవ్వులు. రెండు మూడు నిమిషాల్లో అంతా అయిపోతుంది.

వీటిని మనకు పంపేవాళ్ళు సాధారణంగా "అద్భుతం!" అనే ఒక్క మాట జత చేసి పంపుతారు. మెదడులో తీగ పెట్టి వణుకు ఆపడం నిజంగానే అద్భుతం, ఆ విషయంలో నాకు పేచీ లేదు. నా పేచీ ఆ వీడియో చెప్పే కథతో. కథ అన్నాక ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు, కత్తెర ఎవరి చేతిలో ఉంది అని అడగొచ్చు కదా. సినిమాని అడుగుతాం, నవలని అడుగుతాం. వీటిని ఎందుకో అడగం. ఆసుపత్రిలో తీశారు కాబట్టి అది ఉన్నది ఉన్నట్టు తీసిందే అనుకుంటాం.

ముందు ఈ జాతిలో ముఖ్యమైన మూడింటి గురించి చెప్తాను.

మొదటిది ఎడ్డీ ఆడ్‌కాక్‌ది. అమెరికాలో బ్లూగ్రాస్ సంగీతం వినేవాళ్ళకి బాగా తెలిసిన బాంజో వాద్యకారుడు. 2008లో, డెబ్బై ఏళ్ళ వయసులో, నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో ఆపరేషన్ బల్ల మీద బాంజో వాయించాడు. రెండోది రోజర్ ఫ్రిష్‌ది. మిన్నెసోటా ఆర్కెస్ట్రాలో అప్పటి అసోసియేట్ కన్సర్ట్ మాస్టర్, అంటే వయొలిన్ బృందంలో ముందు వరసలో కూర్చునే మనిషి. ఆయనకి ఆపరేషన్ చేసింది మేయో క్లినిక్. మూడోది నయోమీ ఎలిషువ్‌ది. లిథువేనియా జాతీయ సింఫనీ ఆర్కెస్ట్రాలో వాయించి, తర్వాత ఇజ్రాయెల్‌కి వలస వెళ్ళిన వయొలిన్ కళాకారిణి. వణుకు వల్ల దాదాపు ఇరవై ఏళ్ళు వృత్తికి దూరమైంది. 2014లో టెల్ అవీవ్‌లో ఆపరేషన్ జరుగుతుండగా మోట్సార్ట్‌ని వాయించింది.

ముగ్గురిదీ ఒకటే జబ్బు: ఎసెన్షియల్ ట్రెమర్. ఈ పేరే ఒక చిక్కు. 'ఎసెన్షియల్' అంటే మనకి తెలిసిన అర్థం 'అత్యవసరమైన'. నిత్యావసర సరుకుల చట్టంలో ఉన్న మాట అదే. వైద్యుల భాషలో మాత్రం దానర్థం వేరు: వేరే ఏ జబ్బు వల్లా రానిది, తనకి తానుగా ఉన్నది. అంటే కారణం ఇదీ అని చూపించలేని వణుకు. తెలుగులో దీనికి విడిగా పేరు లేదు. 'కంపవాతం' అంటే అందరూ పార్కిన్‌సన్స్ అనుకుంటారు. కానీ రెండూ ఒకటి కాదు. పార్కిన్‌సన్స్‌లో వణుకు ఎక్కువగా చెయ్యి ఊరికే ఒళ్ళో ఉన్నప్పుడు కనిపిస్తుంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లో ఒళ్ళో ఉన్న చెయ్యి నెమ్మదిగానే ఉంటుంది. గ్లాసు ఎత్తబోతేనో, పెన్ను పట్టబోతేనో, తాళంచెవి పెట్టబోతేనో మొదలవుతుంది. పని చెయ్యబోయినప్పుడే వచ్చే వణుకు. జనాభాలో ఇంచుమించు 1 శాతం మందికి ఉంటుందంటారు, 65 దాటినవాళ్ళలో ఇంకా ఎక్కువ. చాలా ఇళ్ళలో తరం నుంచి తరానికి వస్తుంది. ప్రొప్రనొలాల్, ప్రిమిడోన్ అనే పాత మందులు కొందరికి పనిచేస్తాయి, కొందరికి చెయ్యవు.

మందులు పనిచెయ్యనివాళ్ళకి ఈ ఆపరేషన్. డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, పొట్టిగా డీబీఎస్. పుర్రెకి చిన్న రంధ్రం చేసి, మెదడు లోతుల్లో థలామస్ అనే చోటికి సన్నటి తీగ దింపుతారు. ఆ తీగని చెవి వెనక నుంచి, మెడ చర్మం కింద నుంచి తెచ్చి, కాలరు ఎముక కింద అమర్చిన చిన్న పెట్టెకి కలుపుతారు. పెట్టెలో బ్యాటరీ ఉంటుంది. అది సెకనుకి వందకి పైగా విద్యుత్ స్పందనలు పంపుతూ ఉంటుంది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీమ్ లూయీ బెనబీద్ అనే సర్జన్‌కి ఈ దారి దొరికింది. అప్పటిదాకా వణుకు తగ్గించాలంటే థలామస్‌లో ఒక చిన్న ముక్కని వేడితో మాడ్చేసేవారు. మాడ్చే ముందు చోటు సరైనదో కాదో చూసుకోడానికి కొద్దిగా కరెంటు పంపి పరీక్షించేవారు. ఆ పరీక్ష కరెంటుని సెకనుకి వంద సార్ల దాకా పెంచితే వణుకు ఆగిపోతోందని ఆయన గమనించాడు. ఇక మాడ్చడం ఎందుకు, ఆ కరెంటునే అక్కడ ఉంచెయ్యొచ్చుగా అన్నది ఆయన ఆలోచన. ఎసెన్షియల్ ట్రెమర్‌కి ఈ పద్ధతిని అమెరికా 1997లో ఆమోదించింది.

మరి మెలకువగా ఎందుకు ఉంచుతారు? మెదడుకి నొప్పి తెలీదు కాబట్టి చర్మానికీ ఎముకకీ మత్తిస్తే సరిపోతుంది. పైగా తీగ మిల్లీమీటరు పక్కకి పోయినా ఫలితం మారిపోతుంది, అందుకని పేషెంటు చేతినే అడిగి తెలుసుకోవాలి. మామూలుగా అయితే గ్లాసు పట్టుకోమంటారు, కాగితం మీద గీత గీయమంటారు. వాద్యకారుడికి అది చాలదు. ఫ్రిష్ వణుకు చాలా చిన్నది. మామూలు పరీక్షల్లో దొరికేది కాదు, కమాను తీగ మీద పెట్టినప్పుడే బయటపడేది. అందుకే మేయో ఇంజనీర్లు కమానుకి కదలికని కొలిచే సెన్సర్ బిగించారు. ఆయన వాయిస్తుంటే ఆ వణుకు తెర మీద గీతలుగా కనపడింది.

విమర్శకురాలిగా నాకు ఈ మూడింటిలో ఫ్రిష్ వీడియో మీద గౌరవం ఎక్కువ. కారణం ఆ సెన్సరే. అందులో సంగీతాన్ని సంగీతం అని మభ్యపెట్టరు. కమాను అక్కడ కొలబద్ద, దాన్ని కొలబద్దలాగే చూపిస్తారు. ఒక తీగతో మెరుగైంది గానీ వృత్తి వాద్యకారుడికి ఆ మెరుగు సరిపోదని రెండో తీగ కూడా పెట్టారు. ఈ వివరం కథలో ఉండటం వల్ల మనకొక సంగతి అర్థమవుతుంది: 'తగ్గింది' అనే మాటకి కొలత మనిషిని బట్టి మారుతుంది. నాకు కాఫీ ఒలక్కుండా తాగగలిగితే తగ్గినట్టు. ఫ్రిష్‌కి ఒక స్వరాన్ని సన్నగా సాగదీసినప్పుడు అది పగలకుండా ఉంటేనే తగ్గినట్టు.

ఎలిషువ్ వీడియో దీనికి వ్యతిరేక దిశలో వెళ్తుంది. ఇరవై ఏళ్ళుగా వేదిక ఎక్కని మనిషి వయొలిన్ ఎత్తడం. చూస్తుంటే గొంతు పట్టేస్తుంది, నాకూ పట్టేసింది. ఆ దృశ్యం మనల్ని ప్రేక్షకుల సీట్లో కూర్చోబెడుతుంది. అదొక కచేరీ అయిపోతుంది. కచేరీ అయిపోగానే మనం చప్పట్లు కొట్టి లేచి వెళ్ళిపోతాం. మన పని అయిపోయింది. ఆమె పని అప్పుడే మొదలైంది.

అసలు అబద్ధం ఉన్నది ఇక్కడే. ఆ వీడియోలో ఒక్క ఫ్రేము కూడా దొంగది కాదు, చెయ్యి నిజంగానే వణికింది, నిజంగానే ఆగింది. కానీ ఆగినచోట కత్తిరించడం వల్ల 'ఆగింది' అన్నది 'ఆగిపోయింది' అయింది. తెలుగులో ఈ రెండు మాటలకీ మధ్య ఉన్న దూరమే ఈ వీడియోలు దాచేది.

వాళ్ళు చూపించనిది ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. చాలామందిలో తీగ దించగానే, ఇంకా కరెంటు ఇవ్వకముందే వణుకు తగ్గుతుంది. తీగ వెళ్ళిన దారిలో కణజాలం కాస్త దెబ్బతిని వాయడం వల్ల వచ్చే తాత్కాలిక ఫలితం అది. వాపు తీశాక, కొన్ని వారాల్లో, వణుకు తిరిగొస్తుంది. అందుకే చాలా చోట్ల పెట్టెని వెంటనే ఆన్ చెయ్యరు, కొన్ని వారాలు ఆగుతారు. ఆ తర్వాత అసలు పని: ఎంత కరెంటు, ఏ వేగం, తీగ చివర ఉన్న కొసల్లో ఏది వాడాలి. నెలల తరబడి ఆసుపత్రి చుట్టూ తిరిగి ఒక్కో అంకె సరిచేసుకుంటూ పోవాలి. కరెంటు ఎక్కువైతే మాట ముద్దవుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడకలో తూలు వస్తుంది. తక్కువైతే వణుకు. ఈ రెండింటి మధ్య బతకగలిగిన ఒక సన్నటి సందు వెతకాలి.

వెతికి పట్టుకున్నా అది అక్కడే ఉండదు. కొందరిలో కొన్నేళ్ళకి వణుకు మెల్లగా వెనక్కి వస్తుంది. జబ్బు తనదారిన తాను ముదరడం వల్ల కావచ్చు, మెదడు ఆ కరెంటుకి అలవాటుపడటం వల్ల కావచ్చు. ఎవరిలో ఏది ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం. అలవాటు పడకుండా ఉండటానికి కొందరు డాక్టర్లు రాత్రిపూట పెట్టెని ఆపి పడుకోమంటారు. ఇదంతా రెండు నిమిషాల్లో పట్టదు నిజమే. కానీ పట్టకపోవడం వేరు, లేనట్టు ముగించడం వేరు.

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన సంగతి మాత్రమే కాదు. మా నాన్న లెక్కల మాస్టారు. కంపాస్ లేకుండా బోర్డు మీద వృత్తం గీసేవాడు. మొదలుపెట్టిన చోటే వచ్చి కలిసేది. రిటైరయ్యే నాటికే వణుకు ఉంది. ఊళ్ళో కొందరు "మాస్టారు సాయంత్రాలు కొంచెం పుచ్చుకుంటారటగా" అన్నారు. జీవితంలో చుక్క ముట్టని మనిషిని. తమాషా ఏంటంటే ఈ జబ్బున్న చాలామందికి కాస్త మందు పుచ్చుకుంటే వణుకు కాసేపు తగ్గుతుంది. అంటే నాన్న తాగి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. తర్వాత ఒక బ్యాంకులో సంతకం కలవడం లేదని వేలిముద్ర వెయ్యమన్నారు. ముప్పై అయిదేళ్ళు చాక్‌పీసు పట్టిన మనిషికి ఇంకు ప్యాడ్ అందించారు. వేశాడు. ఇంటికొచ్చి ఆ బొటనవేలిని సబ్బుతో చాలాసేపు కడుక్కున్నాడు. ఆపరేషన్‌కి ఒప్పుకున్నది ఆ నెలలోనే.

2018లో చేశారు. కుడిచేతి కోసం కాబట్టి మెదడు ఎడమవైపు తీగ. ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ ఆయన చేత ఒక కాగితం మీద స్పైరల్ గీయించేవారు. ఈ జబ్బుకి అదొక పాత పరీక్ష, ప్రపంచమంతా వాడతారు. ఒక జూనియర్ డాక్టరు "సార్, ఓ జిలేబీ గీయండి" అన్నాడు ఒకసారి. "జిలేబీ కాదు నాయనా, ఆర్కిమెడీస్ స్పైరల్. ఎంత కోణం తిరిగితే కేంద్రం నుంచి అంత దూరం జరగాలి. చుట్టకీ చుట్టకీ మధ్య ఎడం ఎక్కడా మారకూడదు," అన్నాడు నాన్న. ఆ కుర్రాడు బుద్ధిగా తలూపాడు. నాన్న అడిగి ప్రతి కాగితానికీ జిరాక్సు తీయించుకుని, మూల మీద తేదీ వేసి, ఒక ఫైల్లో పెట్టాడు.

ఆ ఫైలు ఇప్పుడు నా దగ్గరుంది. ఈ వ్యాసం రాయాలనిపించింది దాన్ని వరసగా తిరగేసినప్పుడే. ఆపరేషన్‌కి ముందుది చూస్తే కోడి గీరినట్టు ఉంటుంది. 2018 చివరిది దాదాపు అచ్చువేసినట్టు. 2019, 2020 అలాగే. 2021 మధ్యలో బయటి చుట్టల్లో సన్నటి రంపపు పళ్ళు. తర్వాతది మళ్ళీ నున్నగా ఉంది, ఎందుకంటే ఆ రోజు కరెంటు పెంచారు. ఇంకొక ఏడాదికి మళ్ళీ పళ్ళు. మళ్ళీ పెంచారు. 2023లో ఒకే తేదీతో రెండు కాగితాలున్నాయి. ఒకటి బాగుంది, ఒకటి బాగోలేదు. బాగోలేనిదాని కింద నాన్న చేతిరాతలో రెండు పదాలు: "మాట సరి."

ఆ రోజు నేనూ ఉన్నాను. కరెంటు పెంచితే స్పైరల్ చక్కగా వచ్చింది, కానీ మాట నానిపోయింది. "ఎలా ఉంది సార్?" అంటే నాన్న చెప్పిన జవాబు నాకే అర్థం కాలేదు. తగ్గిస్తే మాట తేటపడింది, చెయ్యి చెదిరింది. డాక్టరు ఓపిగ్గా రెండూ చూపించి, ఎక్కడ ఉంచమంటారు అని అడిగాడు. నాన్న నా వైపు చూశాడు. నేనేం చెప్పను? "తగ్గించండి బాబూ. రాసేది ఏముంది ఇప్పుడు, మనవరాలికి ఎక్కాలు నోటితోనే కదా చెప్పాలి," అన్నాడు.

నేను చూసిన ఏ వీడియోలోనూ ఈ ప్రశ్న లేదు. వాటిలో చెయ్యి తప్ప మనిషికి ఇంకేమీ ఉండదు. చెయ్యి బాగుపడితే మనిషి బాగుపడ్డట్టే. ఒక చోట లాభం ఇంకోచోట నష్టంగా లెక్క తేలే ఆ గదిలో, నిర్ణయం పేషెంటు తీసుకుంటాడు. ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు మాత్రం ఆయన చెప్పినట్టు వాయించేవాడు. నా దృష్టిలో నాటకం రెండో గదిలో ఉంది. కెమెరా మొదటి గదిలోనే ఆగిపోయింది.

కథని ఇలా ఆపడం యూట్యూబ్‌తో మొదలవలేదు. మార్గరెట్ బర్క్-వైట్ పేరు మనకి గాంధీ రాట్నం ఫోటోతో తెలుసు. 1946లో ఆమె తీసినది. ఆమెకి వచ్చింది పార్కిన్‌సన్స్, ఇక్కడ నేను మాట్లాడుతున్న జబ్బు కాదు. కానీ 1959లో వణుకు ఆపడానికి న్యూయార్క్‌లో ఇర్వింగ్ కూపర్ అనే సర్జన్ చేతుల్లో ఆమె థలామస్‌కి ఆపరేషన్ చేయించుకుంది. అప్పట్లో డీబీఎస్ లేదు, అది కణజాలాన్ని చంపే పాత పద్ధతి. ఆ కథని ఆమె సొంత పత్రిక 'లైఫ్' అచ్చువేసింది, ఫోటోలు తీసింది ఆమె సహోద్యోగి ఆల్‌ఫ్రెడ్ ఐజెన్‌స్టాట్. 1960లో అదే కథని టీవీ నాటకంగా తీశారు, టెరీసా రైట్ ఆమె పాత్ర వేసింది. ధీరవనిత పోరాటం, గెలుపు.

1961లో ఆమెకి మళ్ళీ ఆపరేషన్ అయింది. వణుకు తగ్గింది గానీ ఈ ఆపరేషన్లు ఆమె మాటని దెబ్బతీశాయి. టీవీ నాటకం అప్పటికే అయిపోయింది. 1963లో వచ్చిన తన ఆత్మకథలో ఆమె ఈ జబ్బుకి చోటిచ్చింది, పట్టుబట్టి చేసిన వ్యాయామాలకీ నడకకీ చోటిచ్చింది. ఆ పుస్తకమూ గెలుపు స్వరంలోనే ఉంటుంది. ఆమె తరం అమెరికన్ ఆత్మకథకి వేరే స్వరం ఉన్నట్టు లేదు. అయినా అందులో రోజులు ఉన్నాయి. ఒక రోజు తర్వాత ఇంకో రోజు ఉంది. పత్రికలో లేనిది, నాటకంలో లేనిది అదే. ఒకే మనిషి, ఒకే జబ్బు. ఎవరు చెప్పారన్నదాన్ని బట్టి కథ ముగిసే చోటు మారింది.

రెండో వైపు భయం కథ కూడా ఉంది. మైకేల్ క్రైటన్ 1972లో 'ద టెర్మినల్ మాన్' అనే నవల రాశాడు. మూర్ఛ వచ్చినప్పుడు హింసకి దిగే ఒక కంప్యూటర్ శాస్త్రవేత్త మెదడులో తీగలు పెడతారు. కరెంటు సుఖంగా ఉండటంతో మెదడు దానికోసం మూర్ఛని తానే తెచ్చుకోవడం మొదలుపెడుతుంది. మనిషి అదుపు తప్పుతాడు. మెదడు యంత్రానికి అలవాటుపడుతుందన్న ఊహ, చాలా వక్రంగానే అయినా, అందులో ఉండటం నాకు ఆశ్చర్యం. కానీ నేను ఆగిపోయిన వివరం వేరు. క్రైటన్ ఆ యంత్రానికి ప్లుటోనియం బ్యాటరీ పెట్టాడు. అయిపోని బ్యాటరీ. నిజం బ్యాటరీ కొన్నేళ్ళకి అయిపోతుంది. మళ్ళీ కోసి, పెట్టె మార్చి, కుట్టాలి. రీచార్జ్ చేసుకునే రకమైతే వారం వారం గుర్తుపెట్టుకుని చార్జింగ్ పెట్టుకోవాలి. దానికి లక్షల్లో ఖర్చు, ప్రయాణం, సెలవు పెట్టే కొడుకో కూతురో కావాలి. అద్భుతం కథకీ భయం కథకీ మధ్య ఈ బ్యాటరీ మార్పిడికి చోటు లేదు. మన జీవితమంతా ఉన్నది ఆ మధ్యలోనే.

మనం ఈ వీడియోల్ని ఇంత తేలిగ్గా నమ్మడానికి మన సాహిత్యం కూడా కొంత కారణం అనుకుంటాను. తెలుగు కథలో చెయ్యి ఊరికే వణకదు. "వణికే చేతుల్తో ఉత్తరం విప్పింది" అంటే లోపల చెడు కబురుంది. పెద్దాయన చేతిలో గ్లాసు వణికితే ఏదో రహస్యం బయటపడబోతోంది. విలన్ చెయ్యి వణికితే భయం, హీరో చెయ్యి వణికితే ప్రేమో తాగుడో. వణుకు మన కథల్లో ఎప్పుడూ మనసుకి గుర్తు. మనసు కుదుటపడగానే చెయ్యి కుదుటపడుతుంది, కథ ముగుస్తుంది. ఇలా చదవడానికి అలవాటుపడ్డ కళ్ళకి ఊరికే వణికే చెయ్యి కనిపించదు. మాస్టారు తాగుతాడు అన్న ఊరివాళ్ళు ఒకరకంగా మంచి కథా పాఠకులే. గుర్తు కనపడింది, అర్థం చెప్పేశారు.

2017లో బెంగళూరులో ఒక గిటారు వాద్యకారుడు మెదడు ఆపరేషన్ జరుగుతుండగా గిటారు వాయించిన వార్త మనందరికీ వచ్చింది. ఆయనది వేళ్ళు బిగుసుకుపోయే డిస్టోనియా, చేసింది మాడ్చే పద్ధతి. జబ్బు వేరు, వైద్యం వేరు, కానీ కథ అచ్చంగా అదే. అంటే ఈ కథా రూపం జబ్బుతో సంబంధం లేకుండా తనంత తాను తిరగగలుగుతోంది. ఏ రూపానికైనా ఆ బలం వచ్చినప్పుడే విమర్శకులు దాని మీద కన్నేయాలి.

దీనికి సమాధానంగా ఒక వాదన వినిపిస్తుంది: ఆ వీడియోలు చూసే కదా జనం ఆసుపత్రికి వెళ్తున్నారు, ఆశ కలిగించడం తప్పా? తప్పేమీ లేదు. చాలామందికి ఏళ్ళ తరబడి మంచి ఫలితం ఉంటుంది. మా నాన్నకి వచ్చిన మూడు నున్నటి సంవత్సరాలు తక్కువేం కాదు. ఆ మూడేళ్ళలో ఆయన కొత్త సంతకం నేర్చుకుని, అదే బ్యాంకుకి వెళ్ళి, వేలిముద్ర రద్దు చేయించుకొచ్చాడు. కానీ ఆగినచోట కత్తిరించిన కథ విన్నవాడికి వణుకు తిరిగొచ్చినప్పుడు ఒక్కటే అర్థం మిగులుతుంది: తనలోనే ఏదో లోపం ఉంది. "అందరికీ పోయిందిగా, నాకే ఎందుకిలా?" అని నాన్న నన్ను ఒకటికి రెండుసార్లు అడిగాడు. ఆ 'అందరూ' ఎవరంటే ఆయన ఫోన్లో ఉన్న ముగ్గురు నలుగురు వాద్యకారులు. ఆ వీడియోలు అబద్ధం చెప్పలేదు గానీ, పూర్తిగా చెప్పని నిజానికి వెల కట్టింది ఆయన.

నాకు కావాల్సింది ఆ వీడియోలు తీసెయ్యడం కాదు, వాటికి తర్వాతి భాగాలు. అదే మనిషి, అదే వాద్యం, మూడేళ్ళకి, ఏడేళ్ళకి, పెట్టె మార్చాక. పాట బాగా వస్తే మంచిదే. రాకపోతే ఎక్కడ చెదురుతోందో వినాలి, ఏది వదులుకుని ఏది ఉంచుకున్నారో అడగాలి. ఆసుపత్రులు అది తియ్యకపోవచ్చు, వాళ్ళ అవసరం వేరు. రాసేవాళ్ళు రాయొచ్చు. ఇంట్లో పెట్టె ఉన్నవాళ్ళు తెలుగులో కూడా ఇప్పుడు ఎక్కువమందే ఉన్నారు. రాత్రి పడుకునే ముందు రిమోట్ ఛాతీ మీద పెట్టి "మీటరు ఆపేస్తున్నా" అనే మనిషి మన కథల్లోకి ఇంకా రాలేదు. పొద్దున్నే దాన్ని ఆన్ చేసి, కాఫీ గ్లాసు ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగి, ఈ రోజు ఎలా ఉందో చూసుకునే మనిషి కూడా.

నాన్న ఫైల్లో చివరి స్పైరల్ మొన్న జనవరిది. లోపలి రెండు చుట్టలు నున్నగా ఉన్నాయి. మూడో చుట్ట నుంచి పళ్ళు మొదలవుతాయి. బయటి చుట్ట మొత్తం వణుకే. కానీ స్కేలు పెట్టి కొలిచాను: చుట్టకీ చుట్టకీ మధ్య ఎడం మాత్రం ఎక్కడా మారలేదు.